బావగారి మంచె మీదికి మూడు రాళ్ళు

పోయిన నెలలో నేను మా బావగారిని చంపినంత పని చేశాను. దేవుడి దయవల్ల ఆయనకేం కాలేదు, హాయిగా తిరుగుతున్నారు. నేనే ఇంకా ఆయన నీడ కనపడితే గాదె చాటుకి పోతున్నాను. నలుగురికీ చెప్పుకుంటే కాస్త బరువు తగ్గుద్దని రాస్తున్నాను. నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది కారంపూడి దగ్గర పల్లె. రెండెకరాల జొన్నచేను ఉంది. అదే మాకు ఏడాది తిండి. ఈ యుద్ధం మొదలైన కాడ్నుంచి బజారులో కొందామన్నా గింజ దొరకట్లేదు. సరిగ్గా కంకులు పాలుపోసుకునే వేళకి మా ఇంటాయన చలిజ్వరంతో మంచం పట్టాడు. గింజ గట్టిపడేదాకా పిట్టల్ని తోలకపోతే ఇక మాకు మిగిలేది చొప్పే. అది గొడ్లు తింటాయి, మేం తినలేం గదా.

నేను పోతానన్నాను. మా ఇంటాయన దుప్పట్లోంచి మొహం బయటపెట్టి, "పిట్టల్ని తోలాలంటే అరవాలి. నీవల్ల ఏమవుద్ది?" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. మా చేనుకి ఎడంపక్క చేను బావగారిది, అంటే మా ఇంటాయన అన్నగారిది. కాపరానికొచ్చి పాతికేళ్ళయినా నేను ఆయన ఎదట నిలబడలేదు, నా గొంతు ఆయన చెవిన పడనివ్వలేదు. మా ఇళ్ళల్లో మరదలి మర్యాద అది. మర్యాద సగమైతే, మిగతా సగం నా బిడియం. అట్టాంటిది, ఆయన అవతల మంచె మీద కూర్చుని ఉండగా నేను ఇవతల మంచెక్కి హోయ్ హోయ్ అంటానా? డబ్బా వాయిద్దామంటే, ఉన్న ఒక్క కిరసనాయిలు డబ్బాకీ కర్ర బిగించి నీళ్ళు తోడుకుంటున్నాం.

అందుకని నోటితో పనిలేకుండా వడిసెల తీసుకున్నాను. దాన్లో ఏముంది, మగవాళ్ళు తిప్పుతుంటే చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఒక కొసన ఉచ్చులో వేలు దూర్చాలి, రెండో కొస బొటనవేలితో నొక్కిపట్టాలి, నడిమి అల్లికలో రాయి పెట్టి తల మీద గిరగిరా తిప్పి రెండో కొస వదలాలి. నాగులేరులో గులకరాళ్ళు ఒడి నిండా ఏరుకుని మంచెక్కాను.

ఎదురుగా తూర్పు గట్టు పక్క కంకుల మీద చిలకల గుంపు వాలింది. తిప్పాను. రాయి నా వేలిని బయటికి గుంజుతుంటే, దీనికి బయటికి పోవాలని చానా ఆత్రంగా ఉందే అనుకున్నాను. అయితే చిలకలకి ఎదురుగా వచ్చినప్పుడు వదిలితే చిలకల మీదికే పోద్ది గదా! ఎదురుగా రాగానే వదిలాను.

రాయి ఎడంపక్కకి పోయి బావగారి చేలో పడింది. అక్కడున్న పిట్టలన్నీ లేచి, నేరుగా వచ్చి మా చేలో వాలినాయి.

చెయ్యి జారిందేమోలే అనుకుని ఈసారి ఇంకా జోరుగా తిప్పాను. రాయి సరిగ్గా చిలకలకి ఎదురుగా ఉన్నప్పుడు వదిలాను. బావగారి మంచెకి వేలాడే మజ్జిగ ముంత ఠప్పున పగిలింది. ఆయన లేచి నిలబడి, "ఎవడ్రా అది?" అని నాలుగు దిక్కులా కేక వేశారు. ఎవడూ కాదు, నేనే అని చెప్పే నోరు నాకేదీ? మంచె మీద బోర్లా పడుకున్నాను.

పడుకుంటే చేను ఆగుద్దా? తల ఎత్తి చూస్తే చిలకలు ముక్కులు తుడుచుకుంటూ కంకి మీంచి కంకి మీదికి పోతున్నాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లేచి మూడో రాయి విసిరాను. అది బావగారి చెవి పక్కనుంచి పోయింది. ఈసారి ఆయన బోర్లా పడుకున్నారు.

కాసేపటికి ఆయన గట్టున మేస్తున్న ఎద్దుని పట్టుకుని మా చేలోకి వచ్చారు. నేను పైట నెత్తిమీదికి లాక్కుని మంచె మీద ముడుచుకున్నాను. ఆయన నా వంక చూడలేదు. మంచెకి వీపు పెట్టి నిలబడి ఎద్దుతో మాట్లాడటం మొదలుపెట్టారు.

"వినరా మల్లన్నా. రాయికి గుండ్రంగా తిరగాలనీ ఉండదు, బయటికి పోవాలనీ ఉండదు. దానిది ముక్కుసూటి బుద్ధి. మనం తాడుతో లోపలికి లాగుతా ఉంటే గతిలేక తిరుగుద్ది. వదిలామా, ఆ క్షణాన మొహం ఎటుంటే అటే పోద్ది. నిన్ను గానుగకి కట్టారనుకో. కట్టు తెగితే ఇంకా గానుగ చుట్టూనే తిరుగుతావా, మొహం ఎటుంటే అటు పోతావా?"

ఎద్దు చెవులు ఆడించింది.

"అందుకని రాయి ఎదురుగా వచ్చిందాకా ఆగకూడదు. కుడిచేతి పక్కన ఉండగానే వదలాలి. ఇంకొకటి. వదిలే ముందు గట్టిగా ఒక కేక వెయ్యాలి. మర్యాద అంటావా, తల ఉంటేనేగా నాకు మర్యాద చేసేది."

అని ఎద్దుని తోలుకుని వెళ్ళిపోయారు. ఒక్క తిట్టు లేదు. మజ్జిగ ముంత ఊసే లేదు.

పొద్దు వాలేదాకా అదే ఆలోచించాను. రాళ్ళన్నీ కింద పెట్టి, ఒక జొన్నకంకిని తాడుకి కట్టి నెమ్మదిగా తిప్పి చూసుకున్నాను. అది కుడిపక్కన ఉన్నప్పుడు దాని దారి నిజంగానే నా ముందుకి ఉంది. ఎదురుగా వచ్చేసరికి దాని దారి బావగారి చేనుకి! వేలిమీద ఉచ్చు కోసుకుపోయిన గాటు చూసుకున్నాను. రాయి నన్ను లాగుతోందనుకున్నాను గానీ, ఆపకుండా లాగింది నేనే. నేను లాగబట్టే అది తిరిగింది. ఇంట్లో కూడా ఇట్టా తిరగేసి అనుకున్నవి ఎన్ని ఉన్నాయో అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మంచెక్కాను. తూర్పు గట్టున చిలకలు సిద్ధంగా ఉన్నాయి. వడిసెల తిప్పాను. ఒకటి, రెండు, మూడు చుట్లు. కేక వెయ్యాలి. ఇంకో రెండు చుట్లు తిప్పాను. అవతల మంచె మీద బావగారు అప్పటికే తల వంచుకుని ఉన్నారు. ఆయన తలా, మా జొన్నలూ రెండూ కళ్ళముందు కనపడ్డాయి. కళ్ళు మూసుకుని అరిచాను.

పాతికేళ్ళుగా లోపల ఉండిపోయిన గొంతు అది. ఎట్టా వచ్చిందో నాకే తెలియదు. కళ్ళు తెరిచేసరికి మా చేలో చిలకలు, బావగారి చేలో పిచికలు, ఆపైన ఎవరి చేలోవో గువ్వలు, అన్నీ ఆకాశంలో ఉన్నాయి. మంచె కింద పడుకున్న మా కుక్క కూడా ఊరివైపు పరిగెత్తింది.

తల మీద ఇంకా తిరుగుతున్న రాయి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కుడిపక్కకి రాగానే వదిలాను. గీత గీసినట్టు సూటిగా పోయి, చిలకలు వాలిన చోటే తగిలింది. అప్పటికక్కడ ఒక్క చిలకా లేదు. మూడు మంచి కంకులు విరిగి పడ్డాయి.

గింజ గట్టిపడేదాకా కేకలతోనే చేను కాశాను, జొన్నలు ఇంటికొచ్చినాయి. వడిసెల మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. నాకు గురి లేనన్నాళ్ళూ భయం బావగారికి. కుదిరాక మా కంకులకి.