సవితక్క రేడియోకి మూడో పేరు

బళ్లారిలో సవిత పనిచేసే రేడియో స్టేషన్‌కి పదకొండేళ్లలో మూడు పేర్లు పడ్డాయి. మొదట కోట ఎఫ్ఎం. యజమాని మారాక జోష్ ఎఫ్ఎం. ఈ వేసవిలో బెంగళూరు కంపెనీ కొని, గోడలకు నారింజ రంగు వేయించి, టింగ్ ఎఫ్ఎం అంది. మారనిది మీటరు మీద ముల్లు నిలిచే చోటొక్కటే. వినేవాళ్లకు మాత్రం అది మొదటినుంచీ సవితక్క రేడియో. పొద్దున ఏడు నుంచి పది దాకా ఆమె కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతుంటే తోరణగల్లు ఉక్కు కంపెనీ బస్సుల్లో సౌండు పెంచేవాళ్లు.

ఆ ప్రేమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. కొత్త మేనేజరు జగదీశ్ పైవాళ్ల షరతు చెప్పాడు. ఫోన్ చేసినవాళ్లు ముందుగా స్టేషన్ పేరు చెప్పాలి. రెండు వారాల్లో సగంమందైనా సరిగ్గా చెప్పకపోతే పొద్దుటి కార్యక్రమం బెంగళూరు నుంచే వస్తుంది. ఈ సంగతి మైకులో చెప్పకూడదు.

సవిత కూతురికి మూడేళ్లు. దుమ్ము లేస్తే చాలు, పిల్లకు ఆయాసం. పదిన్నరకల్లా ఇల్లు చేరే ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది?

మొదటి వారం ఫోన్లు ఆగలేదు. పేరే రాలేదు.

"సవితక్కా, సండూరు నుంచి లారీ కేశవ."

"ముందు స్టేషన్ పేరు చెప్పు కేశవప్పా!"

"కోటా... కాదు, జోష్... ఏందో ఒకటిలే అక్కా, నువ్వుండావు గదా, పాట వెయ్యి!"

ఆమె నవ్వింది. అద్దం అవతల ఆపరేటర్ హుసేనప్ప కాగితం మీద ఇంకో తప్పు గుర్తు పెట్టాడు.

హుసేనప్ప కడుపులో మాట దాగదు. మైకులో చెప్పొద్దన్నారు గానీ టీ అంగట్లో చెప్పొద్దనలేదు గదా అనుకున్నాడు. అంగడి నుంచి అది లారీలెక్కింది, బస్సులెక్కింది, హగరి స్టేషన్లో కూరగాయల గంపలతో రైలెక్కే ఆడవాళ్లకూ చేరింది.

రెండో సోమవారం మొదటి ఫోన్ కేశవదే.

"టింగ్ ఎఫ్ఎం! టింగ్ ఎఫ్ఎం! పోయిన వారంది గూడా రాసుకోమను అక్కా!"

సవిత అద్దంలోంచి చూసింది. హుసేనప్ప పైకప్పు కేసి చూస్తున్నాడు. ఆ తర్వాత ఒక కంపెనీ బస్సు మొత్తం గొంతు కలిపి పేరు అరిచింది. ఒకాయన పేరు చెప్పి, పాట అడగడం మరిచి పెట్టేశాడు. ఎవరూ కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు.

చివరి రోజు, చివరి ఫోన్. హగరి నుంచి వంకాయలమ్మే భీమక్క. ఎవరి ఫోనో అడిగి తీసుకుంది.

"మనవరాలితో చీటీ రాయించుకోనొచ్చినా తల్లీ. టింగ్ ఎఫ్ఎం. సరిగ్గా ఉండాదా?"

"ఉండాది అవ్వా. ఏం పాట కావల్ల?"

"పాట యాడిదిలే. సోమవారం నువ్వే వస్తాండావా, లేదా?"

అద్దం అవతల జగదీశ్ హుసేనప్ప కాగితం రెండోసారి లెక్కపెడుతున్నాడు. తలెత్తి నవ్వి, సరేనన్నట్టు ఊపాడు.

సవిత మైకును దగ్గరికి లాక్కుంది.

"వస్తాండా అవ్వా," అంది. "మీరందరూ రమ్మంటే వస్తాండా."

"అంతే సాలు. రైలొచ్చె, పెట్టేస్తాండా," అంది భీమక్క.