మా ఆల్బమ్‌ల ఆఖరి పాట

దయ్యాలు, ఆత్మలు అని ఎవలన్న చెప్తే నేను నవ్వేటోన్ని. ఇప్పటికీ నమ్మను. గనీ మా ఆల్బమ్‌ల ఆఖరి పాట సంగతి మాత్రం నాకు సమజ్ కాదు.

తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు నల్లగొండల ముగ్గురం కలిసి రాక్ బ్యాండ్ పెట్టినం. నేను డ్రమ్స్. శీను బేస్ గిటార్. పాడేది ప్రభుదాసు. కిరాయి రూముల గోడలకు పాత బొంతలు కట్టి, మొదటి ఆల్బమ్ రికార్డు చేసుకున్నం. గా రోజులు యాదికొస్తే ఇప్పటికీ పానం తేలికైతది. చాయ్, మిర్చి, లొల్లి, పాట. ఇంకో ఫికర్ లేకుండె.

ఆఖరి పాట బాణీ ఒక పొద్దుగాల నిద్ర లేస్తనే వచ్చిందన్నడు ప్రభుదాసు. మాటలు మాత్రం ఎంతకూ కుదరలే. మా ముగ్గురికి తప్ప ఆ బాణీ ఎవలికీ వినిపియ్యలే.

ఆల్బమ్ అట్ట మీద ఫోటో కోసమని అమ్రాబాద్ అడవి దిక్కు పోయినం. అంతకుముందు మా ముగ్గుర్ల ఎవ్వరం గటు పోయినోళ్లం కాదు. చాయ్ హోటల్ కాడ కారు ఆపినం. ఒక పెద్దమ్మ గ్లాసులు కడుక్కుంట పాడుతున్నది.

అది మా బాణీ. ఒక్క మెలిక తేడా లేదు. దానికి మాటలు గూడ ఉన్నయి.

"మందంత ఇల్లు జేరె, నేనే రాలేదు, దీపమార్పకే అమ్మా..."

ప్రభుదాసు కారు దిగలే. నేనే దిగి అడిగిన, ఆ పాట యాడిదని.

"నా కొడుకు కట్టిండు బిడ్డా. మేకలు కాసేటోడు. జరమొచ్చి పోయిండు, శాన ఏండ్లాయె. ఇంకో చరణం ఉండె, యాదికొస్తలేదు."

ఆమె తప్ప ఆ పాట ఎవలూ పాడరన్నడు హోటలాయన. మేం పాడుకుంటమని పెద్దమ్మను అడిగినం.

"పాడుండ్రి. పాట నాతోనే పోవద్దు" అన్నది.

రికార్డింగుల ఒక్క చరణమే అనుకున్నం. గనీ ప్రభుదాసు కండ్లు మూసుకొని ఆగకుంట పాడిండు. "వాన పడ్డనాడు వస్త, తలుపు ముయ్యకే అమ్మా..." మేమెవ్వరం రాయని మాటలు. అడిగితే, నోట్లకొచ్చినయి అన్నడు. అట్లనే ఉంచినం. పాట కింద ఆమె కొడుకు పేరే రాసినం.

ఆల్బమ్ రాంగనే ఆమె కాడికి పోయి ఫోన్ల పాట పెట్టినం. మొదటి చరణం ఊకెనే విన్నది. రెండో చరణం మొదలుగాంగనే ప్రభుదాసు గొంతు కన్నా ఒక మాట ముందుగాల ఆమె పాడుతున్నది.

పాట అయిపోయినంక ప్రభుదాసు చెయ్యి పట్టుకున్నది.

"గిదే నేను మర్సిపోయింది. నీకు జెప్పిండంటే నువ్వు వాణ్ణి చూసినట్టే. ఎట్లున్నడు బిడ్డా నా కొడుకు?"

ప్రభుదాసు ఆమె పక్కన కూసున్నడు.

"బాగున్నడు పెద్దమ్మా" అన్నడు.

మాకు పేరొచ్చింది గా పాటతోనే. బాగున్నడని ఎందుకన్నవని నేను ప్రభుదాసును శాన సార్లు అడిగిన. అబద్ధం చెప్పినట్టు మాత్రం అనిపియ్యలేదంటడు. గంతకు మించి వానికీ తెల్వదు, నాకూ తెల్వదు.