పళవేర్కాడు రేవులో నా సంచి ముడి

కిందటి ఫిబ్రవరిలో రెండో బుధవారం, ఉదయం ఐదూ ఇరవైకి ఇది మొదలైంది. నేను నగరిలో బస్సెక్కిన సమయం అది. దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తూ కూడా నమ్మడం లేదు. చదివేవాళ్ళు ఆ సంగతి మొదటే మనసులో పెట్టుకోవాలి.

నాకు డెబ్బై రెండేళ్ళు. నేత ఇంట్లో పుట్టాను, నేత ఇంటికే కోడలిగా వచ్చాను. ఇప్పుడు కొడుకు గిరి, కోడలు లతతో ఉంటున్నాను. సముద్రం ఒడ్డున ఒక రేవు ఊరిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కదాన్నే తిరిగి చూడాలని నా కోరిక. తోడు ఎవరైనా వస్తే వాళ్ళ ఆకలి, వాళ్ళ కాళ్ళ నొప్పులు, వాళ్ళ ఫోటోలు. నాకు నా నడకతో నడవాలని ఉండింది.

గిరి శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి పోతాడు. నేను పోతానని చెప్పగానే ముఖం ముడుచుకున్నాడు.

"ఒక్కదానివే యాడికి పోతావు మా? తప్పిపోతే?"

"తప్పిపోతే దొరికినోళ్ళే తెచ్చి ఇచ్చిపోతార్లేరా. నన్ను యెవురు పెట్టుకుంటారు?"

లత నవ్వింది. వాడు నవ్వలేదు. "ఈ ఒక్క తూరికే. ఏమన్నా అయిందో, ఇంక నువ్వు గడప దాటేది లేదు, సూడు" అన్నాడు. కాబట్టి ఆ రోజు నాకు ఏమీ కాకూడదు.

ఊత్తుకోటలో ఒక బస్సు, పొన్నేరిలో ఇంకొకటి మారి పళవేర్కాడు, అదే పులికాట్, చేరాను. ఎండ ఇంకా ముదరలేదు. రేవు పక్క సందుల్లో నింపాదిగా నడిచాను. ఆరబోసిన చిన్న చేపల వాసన ఊరంతా ఉంది. పాత డచ్చివాళ్ళ సమాధులు చూశాను. రాళ్ళ మీద పుర్రెలు చెక్కి ఉన్నాయి. వాటి నీడలో కూర్చుని ఇడ్లీ తిన్నాను. ఏ దయ్యమూ వచ్చి పలకరించలేదు.

తర్వాత సరస్సు సముద్రంలో కలిసే మొగ దాకా తిప్పి తెచ్చే పడవ ఎక్కాను. ఎక్కేటప్పుడు నా సంచి పిడి పడవ మేకుకు తగిలి తెగిపోయింది. ఆ పిడి నేను చేసిందే. మగ్గం మీద చివర మిగిలిన నూలు పోగులు ఇరవై నాలుగు కలిపి వదులుగా జడలా అల్లాను. పడవ కదులుతోంది. తెగిన రెండు కొసలనూ కలిపి గబగబా ముడి వేసేశాను.

నేతవాళ్ళు చేయకూడని పని అది. మగ్గం మీద ఒక అచ్చు, అంటే ఒక విడత నిలువు పోగులు, అయిపోతే కొత్త అచ్చు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతాం. వేళ్ళు బూడిదలో అద్దుకుని రెండు కొసలనూ మెలి తిప్పుతాం. ముడి మాత్రం వేయం, వేస్తే అది దువ్వెనలాంటి పన్నె పళ్ళలో ఇరుక్కుని పోగు తెగుతుంది. చిన్నప్పుడు నేను తొందరలో ముడి వేస్తే మా అక్క మునెమ్మ చేతి మీద కొట్టేది. ఆమెది ఎడమచేతి వాటం. మా అందరి మెలి ఒక వైపు తిరిగితే ఆమెది ఎదురు వైపు తిరిగేది. ఏ గుడ్డలోనైనా అక్క అతుకు ఏదో నేను తడిమి చెప్పగలను.

సముద్రం చూసేదానికి ఇద్దరం కలిసి పోవాలని అనుకునేవాళ్ళం. "ఈ అచ్చు దిగనీ, పోదాం" అనేది అక్క. ఒక అచ్చు కొసకు ఇంకో అచ్చు అతికేవాళ్ళం. అది ఎప్పుడు దిగుతుంది? సముద్రం చూడకుండానే అక్క పదకొండేళ్ళ కిందట పోయింది.

పడవ దిగి రేవులో ఒక రేకుల పంచ కింద కూర్చున్నాను. పక్కన ఎండు రొయ్యలు అమ్మే ఆమె కుంపటి పెట్టుకుని టీ కాచుకుంటోంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కునుకు తీశాను. అరగంట పట్టి ఉంటుంది.

కళ్ళు తెరిచేసరికి రొయ్యల ఆమె నవ్వుతోంది. "లేస్తివా అవ్వా? ఇంగో అవ్వ యాడికి పాయ?"

"యే అవ్వ?"

"నీ పక్కన కూచోని నూలు మెలేస్తా ఉణ్ణిందే! నా కుంపట్లో బూడిద ఎత్తుకునింది. 'మా చెల్లెలికి ముడేసే బుద్ధి పోదు' అని ఒకటే తిట్లు. మీ అక్కేనా?"

ఒళ్ళోకి చూసుకున్నాను. పిడికి ముడి లేదు. ఇరవై నాలుగు పోగులూ ఒక్కొక్కటిగా అతికి ఉన్నాయి. రుద్దితే వేలికి బూడిద అంటింది. మెలి ఎదురు వైపు తిరిగి ఉంది.

"యే పక్క పోయింది?"

ఆమె నీళ్ళ వైపు చేయి చూపించింది. "కాళ్ళు తడుపుకుంటానని పాయ."

రేవు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. పడవలవాళ్ళను అడిగాను. ముసలామెను ఎవరూ చూడలేదు. నేనూ నీళ్ళలో దిగి కాసేపు నిలబడి, తిరుగు బస్సెక్కాను.

ఆలోచించకుండా వదిలేదాన్ని కాను. వల బాగుచేసే ఊరు కదా, ఎవరైనా సరదాకు చేశారేమో అనుకున్నాను. కానీ వలకు ముడులే వేస్తారు, మెలి పెట్టరు. మా వైపు నేతగత్తె ఎవరైనా వచ్చిందేమో. రావచ్చు. ఆమెకూ ఎడమచేతి వాటం ఉండాలి. నేను ముడి వేస్తానని ఆమెకు ఎవరు చెప్పారు? నిద్రలో నేనే అతికానంటే, నా చేయి అటు తిరగదు. ఇంటికొచ్చాక ప్రయత్నించి చూశాను.

పిడికి బూడిద ఏమిటని లత అడిగితే జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. గిరి వచ్చీ రాగానే, "నేను సెప్పలా? ఇంక ఒంటిగా పోవద్దు మా" అన్నాడు.

"ఒరే, వచ్చింది మీ పెద్దమ్మే అయితే నేను ఒంటిగా పోలేదు. కాదంటావా, నాకేమీ కాలేదు. రెంట్లో యేదో ఒకటి సెప్పు, నా అడ్డం లెయ్యి."

వాడు అడ్డం లేవలేదు, అయినా వచ్చే బుధవారం మళ్ళీ పోతున్నాను. కొత్త పిడి అల్లుకున్నాను. దాన్ని నడిమికి కోసి, కావాలనే ముడి వేశాను.

ఆ ప్రయాణంలో పోయినవి: పడవలో మరిచిన నీలం గొడుగు. నిద్రలో అరగంట. అక్క అతికిన పిడి. అది రేవులో పోలేదు. తెల్లారి నేను నిద్ర లేవకముందే, భయంతో, లత పొయ్యిలో వేసేసింది.