నాలుగో గాడి

ఏ షాపులో కూర్చున్నా, లేచేముందు అతను కుర్చీ కింద మీట నొక్కి, అది పొద్దున ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తుకి తెచ్చేవాడు. కౌంటర్ మీద పెన్ను ఎడమవైపు ఉండి ఉంటే ఎడమవైపే పెట్టేవాడు. ఫ్యాను ఎటు తిరిగి ఉందో అటే తిప్పేవాడు. మర్నాడు అసలు మనిషి సెలవు ముగించుకుని వచ్చి కూర్చుంటే, నిన్న అక్కడ ఇంకొకరు కూర్చున్నారని తెలియకూడదు. అది అతని పద్ధతి. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు.

అతను మందులిచ్చే ఫార్మసిస్టు. నా షాపు అని చెప్పుకోవడానికి ఒకటంటూ లేదు. ఒకే యజమానికి ఊరంతా ఉన్న మందుల షాపుల్లో ఎక్కడ మనిషి రాకపోతే అక్కడికి వెళ్ళేవాడు. ఒకరికి జ్వరం, ఒకరికి పురుడు, ఒకరికి ఇల్లు మారే హడావిడి. వాళ్ళ కష్టసుఖాలన్నీ అతనికి డ్యూటీలు. వచ్చేవాళ్ళలో కొందరు కౌంటర్ వెనక మనిషి మారాడని గమనించకుండా, "నిన్న మీరిచ్చిన బిళ్ళలే ఇవ్వండి" అనేవాళ్ళు. నిన్న ఇచ్చింది తను కాదని చెప్పేవాడు కాదు. చీటీ చూసి ఇచ్చేవాడు.

అందుకే అందరూ అతన్ని స్టెప్నీ అనేవాళ్ళు. మొదట చాటుగా అనేవాళ్ళు, తరువాత ముఖం మీదే. అతను పలికేవాడు.

ఆ పేరు వచ్చిన చాలా ఏళ్ళకి అతనొక పాత బండి కొన్నాడు. ఎత్తుగా, భారీగా, అయిదుగురు కూర్చునే బండి. స్టెప్నీ టైరు వెనక తలుపు మీద బిగించి ఉంటుంది. ఇక షాపుల్లో నవ్వులే నవ్వులు.

"స్టెప్నీకే ఓ స్టెప్నీ దొరికింది" అన్నారు.

"ఒక్క మనిషికి అంత బండి ఎందుకండీ, అద్దె ఎగ్గొట్టి అందులో కాపురం పెడతారా ఏంటి?" అని క్యాషియరమ్మ అడిగింది.

అతను కూడా నవ్వాడు. భార్య విడిపోయి వెళ్ళినప్పటి నుంచి అతని ఇంట్లో ఏ వస్తువైనా ఒక్కొక్కటే. బండి కొన్నప్పుడు మాత్రం ఎందుకో మనసు పెద్దదాని మీదికే పోయింది. వెనక సీట్లో ఎప్పుడూ అతని గొడుగు ఒక్కటే ప్రయాణం చేసేది.

ఒక బుధవారం మధ్యాహ్నం అతను మార్కెట్ పక్క షాపులో ఉండగా అన్న కూతురు ఫోన్ చేసింది. అన్న పోయాక అతన్ని వరస పెట్టి పిలిచి ఫోన్ చేసే గొంతు అదొక్కటే మిగిలింది. కౌంటర్ ముందు ఒక ముసలాయన దగ్గుమందు సీసా మూత రావడం లేదని దాన్ని బల్లకేసి కొడుతున్నాడు.

"బాబాయ్, రిజర్వాయర్ చుట్టూ సైకిళ్ళకని కొత్త దారి వేశారట, తెలుసా? ఈ ఆదివారం వెళ్తున్నాం."

"ఎక్కడికమ్మా?"

"అబ్బా, అక్కడికే! సైకిళ్ళేసుకుని. మా చిన్న కారులో పట్టవు కదా. నీ బండి వెనక ర్యాక్ లాంటిది ఏదైనా పెట్టించవా? పాప నా ప్రాణం తీస్తోంది."

"పెట్టిస్తాను."

"నువ్వు బంగారం బాబాయ్" అని పెట్టేసింది.

వెళ్తున్నాం. ఆ మాటలో మనమూ ఉంది, మేమూ ఉంది. మాట అన్నవాళ్ళు విడమరిచి చెప్పకపోతే, విన్నవాళ్ళే ఏదో ఒకటి తీసుకోవాలి. అతను మనం తీసుకున్నాడు. తీసుకున్నట్టు అతనికే తెలియదు. ముసలాయన చేతిలోంచి సీసా అందుకుని, మూత తీసి ఇచ్చాడు.

ఆ సాయంత్రమే మేనేజరుకి ఫోన్ చేసి ఆదివారం తను రానని చెప్పాడు. ఇన్నేళ్ళ కొలువులో అతను సెలవు అడగడం అదే మొదలు.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది సార్. మా వాళ్ళూ నేనూ కలిసి బయటికి వెళ్తున్నాం."

"స్టెప్నీకే పంక్చరైతే ఎలాగయ్యా!" అని మేనేజరు పకపకా నవ్వాడు. నవ్వి, "సరే, వెళ్ళిరా. ఇంకెవరినైనా చూసుకుంటాలే" అన్నాడు.

ఇంటికి వెళ్ళి, మెట్ల కింద పాత సామాను వెనకనుంచి తన సైకిల్ బయటికి లాగాడు. గొలుసు తుప్పు పట్టింది. టైర్లు నేలకి అంటుకుపోయాయి. గుడ్డపీలిక, నూనె సీసా పక్కన పెట్టుకుని కింద చతికిలబడ్డాడు. ఎదురింటావిడ తలుపు తీసి చూసింది.

"అమ్మేస్తున్నారా?"

"లేదండీ, తొక్కుతాను."

ఆవిడ సైకిల్‌ని చూసింది, అతన్ని చూసింది, తలుపు వేసుకుంది.

గురువారమంతా అతను వేరే షాపులో వేరే కుర్చీలో కూర్చుని ఆదివారం గురించి ఆలోచించాడు. పాప వెనక సీట్లో కూర్చుని చిన్నతాతా అని పిలిచి ఏదో అడుగుతుంది. తను అద్దంలో చూసి జవాబు చెబుతాడు. అల్లుడు ముందు సీట్లో కూర్చుని, మామయ్యగారూ ఇటు తిప్పండి అని దారి చెబుతాడు. దారి తనకి తెలిసినా చెప్పనిస్తాడు. ఇంతకంటే పెద్ద ఊహ రాలేదు. సాయంత్రం బండి ఎక్కేటప్పుడు గొడుగుని సీటు మీంచి తీసి కిందికి తోశాడు.

శుక్రవారం పని అయ్యాక కారు సామాన్ల షాపుకి వెళ్ళాడు. షాపు నడిపేది నడివయసు ఆవిడ. మెడలో కొలతల టేపు, చేతుల నిండా గ్రీజు.

"బైక్ ర్యాక్ కావాలండి."

"బైకా? మోటారు బైకు తగిలిస్తే మీ బండి ముందు కాళ్ళు గాల్లోకి లేస్తాయి సార్."

"సైకిలేనండి. మీ బోర్డు మీద బైక్ అని ఉందని అలా అన్నాను."

"ఆ బోర్డు రాసినవాడికి ఇంగ్లీషు ఎక్కువ. మీరు మామూలుగానే చెప్పండి."

ఆవిడ బండి చుట్టూ తిరిగి, వెనకకి వచ్చి స్టెప్నీ మీద ఒక్కటి చరిచింది.

"ఇదిగో, వచ్చిన చిక్కంతా దీంతోనే. తలుపుకి పట్టీలతో కట్టే రకం తేలిక. కానీ ఇది ఇంత ఎత్తున పొడుచుకొచ్చింది కదా, పట్టీలు దీని మీద నిలవవు. సైకిల్ జారి రోడ్డు మీద పడితే వెనకొచ్చేవాడు మిమ్మల్ని కాదు, నన్ను తిడతాడు."

"కప్పు మీద పెట్టేది?"

"మీ బండి ఎత్తు చూశారా? పైకెత్తాలంటే నిచ్చెన కావాలి. మరి నిచ్చెన ఎక్కడ కడతారు?"

అతను నవ్వాడు. ఆవిడ లోపలినుంచి ఒక ఇనుప చట్రం తెచ్చింది.

"ఇది స్టెప్నీ బోల్టులకే బిగిస్తాం. స్టెప్నీయే మోస్తుంది. రెండు సైకిళ్ళయితే సరే. మూడోది పెట్టారో, తలుపు కీళ్ళు మొర్రోమంటాయి."

"రెండు చాలవండి."

"అయితే కొక్కెం రకమే. బంపర్ కింద బిగిస్తాం. పొడుగాటి చేయి ఒకటి స్టెప్నీని దాటి బయటికి వస్తుంది. దాని మీద చక్రాలు దిగే గాడులుంటాయి. సైకిళ్ళని గాడుల్లో నిలబెట్టి కట్టెయ్యడమే. వెనక తలుపు తియ్యాలంటే మొత్తం కిందికి వంచుకోవచ్చు. మూడు గాడులతో వస్తుంది. నాలుగోది కావాలంటే చివర తగిలించాలి. మీరెంతమంది సార్?"

"నలుగురం."

అనేశాక ఆ మాట అక్కడే కాసేపు నిలబడి ఉన్నట్టు తోచింది. ఇల్లు అద్దెకి అడిగినప్పుడూ, హోటల్లో బల్ల చూపించమన్నప్పుడూ, ఎంతమంది అంటే ఒక్కణ్ణే అనడం అతనికి అలవాటు.

"పిల్లలున్నారా? పిల్లల సైకిలైతే చక్రం చిన్నది, గాడిలో ఊగుతుంది. సైజు కనుక్కోండి, దానికి వేరే పట్టీ ఇస్తాను."

అతను అక్కడే నిలబడి అన్న కూతురికి ఫోన్ చేశాడు.

"పాప సైకిల్ చక్రం ఎంతుంటుందమ్మా?"

"ఉండు బాబాయ్. ఏమండీ, పాప టైరు మీద ఏం రాసుందో చూడండి... పదహారట. ర్యాక్ దొరికిందా?"

"దొరికింది. నాలుగు పట్టేది."

"నాలుగెందుకు? మావి మూడే కదా!"

షాపావిడ టేపు సాగదీసి పట్టుకుని అతని వైపు చూస్తోంది.

"నాలుగోది ఎవరిది బాబాయ్?"

"ఆవిడ... తన దగ్గర అదే ఉందంటోంది."

"అయ్యో, మళ్ళీ నీకెందుకు అంత బరువు? మూడు పట్టేది అడిగి చూడు. ఆదివారం ఎలాగూ నీకు డ్యూటీ ఉంటుంది కదా, మేం పొద్దున్నే వచ్చి బండి తీసుకెళ్తాం. సాయంత్రం కడిగించి మరీ తెచ్చిస్తాం. సరేనా?"

"సరేనమ్మా."

మేం. ఇప్పుడు పైకే అంది. ఆమె మాట మార్చలేదు, దాచలేదు. బుధవారం కూడా ఆమె మనసులో ఉన్నది అదే. చెప్పనిదాన్ని అతను తనకిష్టమైనట్టు విన్నాడు.

"నా దగ్గర అదే ఉందని నేనెప్పుడన్నాను సార్?" అని షాపావిడ అడిగింది. గొంతులో కోపం లేదు.

"అనలేదండి."

"మరి మూడా, నాలుగా?"

"రేపు చెప్తాను."

ఇంట్లో సైకిల్ గోడకి ఆనించి ఉంది. కింద నూనె కారకుండా పాత పేపరు పరిచాడు. శుభ్రంగా తుడిచాక అది ముందుకంటే పెద్దదిగా కనిపిస్తోంది. వంటగదిలోకి వెళ్ళాలంటే దాన్ని ఒరుసుకుని పక్కకి తిరిగి నడవాలి.

మూడు గాడుల ర్యాక్ బిగించి, తాళాలు చేతికిచ్చేస్తే సరిపోతుంది. మేనేజరుకి ఒక్క మాట చెబితే ఆదివారం ఎక్కడో ఒక షాపు దొరుకుతుంది. తను పొరబడ్డ సంగతి ఎవరికీ తెలియదు. అన్నీ ముందెలా ఉన్నాయో అలాగే ఉంటాయి. అలా ఉంచడం అతనికి బాగా చేతనైన పని.

ఫోన్ తీసి మేనేజరు నంబరు దాకా వెళ్ళాడు. కాసేపు దానివంక చూసి ఫోన్ బోర్లించాడు. వంగి సైకిల్ వెనక చక్రాన్ని పైకెత్తి, పెడల్ ఒకసారి చేత్తో తిప్పాడు. చక్రం సన్నగా చప్పుడు చేస్తూ తిరిగింది. గదిలో ఇంకే చప్పుడూ లేదు. అది ఆగేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున షాపావిడ షట్టర్ సగం ఎత్తేసరికి అతను బండితో ఎదురుగా ఉన్నాడు.

"నాలుగోది కూడా బిగించండి."

ఆవిడ అతని ముఖం చూసి, అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరింది. అతను ఫోన్ తీశాడు.

"రేపు నేనూ వస్తున్నానమ్మా" అన్నాడు. రానా అని అడగలేదు.



"అదేంటి, నీకు డ్యూటీ లేదా?"

"లేదు. సెలవు పెట్టాను."

"నీకు సైకిల్ తొక్కడం వచ్చా బాబాయ్?"

"వచ్చు."

ఆమె ఫోన్‌ని దూరంగా పెట్టి ఇంట్లో ఎవరితోనో ఏదో అంది. ఎవరో బదులు చెప్పారు. మాటలు అతనికి అందలేదు. బండి కిందనుంచి షాపావిడ చేయి చాచి, స్పానర్ ఇమ్మంది. అతను వంగి అందించాడు. ఫోన్ రెండో చెవికి మార్చుకుని, పెట్టెయ్యకుండా అలాగే నిలబడ్డాడు.