కొండ మీద మా మర్యాద

ఈ రోజు మా పెంటపాడు చర్చివాళ్లం పదిమందిమి పోలవరం అవతల ఒక కొండ ఎక్కాం. పుట్టి బుద్ధెరిగాక కాలవగట్టు కంటే ఎత్తయినదేదీ ఎక్కని మనుషులం. సగం దారిలోనే నేను కొమ్మా రెమ్మా పట్టుకుని ఎక్కుతున్నాను. నా పక్కన నడుస్తున్న దానియేలు మాస్టారు మా సంఘపెద్ద. డెబ్బై ఏళ్లుంటాయి. చొక్కా తడిసి ఆయన ఒంటికి అంటుకుపోయింది.

"కాసేపు కూర్చుందామాండీ?" అని అడిగాను.

"నాకేం పర్లేదండి. మీకు కావాలంటే కూర్చుందాం."

"నాకూ పర్లేదండి" అన్నాను. అంత పెద్దాయన ముందు నేను కూలబడితే ఏం బాగుంటుంది?

పైకి చేరాక అందరం ప్రార్థనకి నిలబడ్డాం. ఆయన మాత్రం ఎవరినీ అడక్కుండా కూర్చున్నారు. పిలిస్తే పలకలేదు. భోజనాలకని తెచ్చిన దుప్పటిలో పడుకోబెట్టి కిందికి దింపేసరికి మూడు గంటలు పట్టింది.

ఏలూరులో ఆసుపత్రి ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో కూర్చుని ఇది రాస్తున్నాను. గుండెపోటని డాక్టరు చెప్పారు. ఇందాక లోపలికెళ్లి ఎలా ఉందని అడిగితే మాస్టారు మాస్కు పక్కకి జరిపి, "పర్లేదండి, మీరింటికెళ్లండి" అన్నారు.

మన వైపు ఈ మాట నిజంగా నమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను నమ్మలేదు. కొండ మీద కూడా నమ్మలేదు.