ఓడలో వచ్చిన ఎయిర్‌లెటర్

మా అక్క దగ్గర నాన్న రాసిన ఉత్తరాలు నలభై ఒకటి ఉన్నాయి. అన్నీ ఇంగ్లండు నుంచి వచ్చినవే, అన్నీ అక్క పేరు మీదే. అవి రాసేనాటికి నేను పుట్టనే లేదు కాబట్టి నా పేరు మీద ఒక్కటీ లేదని వేరే చెప్పక్కర్లేదు. ఈ సంగతి నా బుర్రకు ఎప్పుడో ఎక్కింది. నా కడుపుమంటకు మాత్రం అరవై ఆరేళ్ళొచ్చినా ఎక్కలేదు.

పందొమ్మిది వందల యాభైల్లో నాన్నను కరెంటు డిపార్ట్‌మెంటు వాళ్ళు శిక్షణకని ఇంగ్లండు పంపారు. అక్కకు అప్పుడు ఆరేళ్ళు. మూడేళ్ళ పాటు అమ్మకు వేరుగా, అక్కకు వేరుగా ఉత్తరాలు రాశాడు. అమ్మవి ఏ పెట్టెలో చెదలు తిన్నాయో తెలీదు. అక్క మాత్రం తనవి భద్రంగా దాచుకుంది. అవి ఎయిర్‌లెటర్లు. పల్చటి నీలం కాగితం. లోపల రాసి, మడతలు పెట్టి, అంచు అంటిస్తే అదే కవరు. రాణిగారి బొమ్మతో ఆరు పెన్నీల స్టాంపు దాని మీదే అచ్చయి ఉంటుంది. పోస్టుమాన్ మా అరుగు ముందు నిలబడి, ఆ చిన్నపిల్లను పేరు పెట్టి పిలిచి చేతికిచ్చేవాడట. లోపల ఎర్ర బస్సు బొమ్మ, ఇంటి ఓనరమ్మ పిల్లి చేసిన అల్లరి, మంచులో నాన్న జారిపడిన కథ. మా నాన్నకు పిల్లి గురించి కూడా మాటలు వచ్చని నాకు ఆ ఉత్తరాలు చదివేదాకా తెలీదు.

నేనెరిగిన నాన్న వేరు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నెలకో కార్డుముక్క వచ్చేది. ‘ఇక్కడ అందరం క్షేమం. పరీక్షలు శ్రద్ధగా రాయవలెను.’ ఒక కార్డుకూ ఇంకో కార్డుకూ తేడా తేదీ ఒక్కటే. నా వంతు వచ్చేసరికి ఆయన మాటలన్నీ అక్కకే ఖర్చయిపోయినట్టున్నాయి. పైగా నియమం తప్పని మనిషి. ఆఫీసు పెన్సిలుతో ఇంట్లో గీత గీయనిచ్చేవాడు కాదు. మొదటిసారి నన్ను హాస్టలుకు పంపేటప్పుడు, ప్లాట్‌ఫాం టికెట్లిచ్చే కిటికీ మూసి ఉందని స్టేషన్ గేటు బయటే ఆగిపోయాడు. గేటు దగ్గరి మనిషి ‘ఫర్వాలేదు లోపలికెళ్ళండి సార్’ అంటున్నా కదల్లేదు. ట్రంకుపెట్టె నేనే ఈడ్చుకుంటూ వెళ్ళి రైలెక్కాను. పదిహేనేళ్ళ పిల్లను. వెనక్కి తిరిగి చూస్తే గేటు అవతల నుంచి చెయ్యి ఊపుతున్నాడు.

ఈ దేశం వచ్చాక ముప్పై ఏళ్ళకు పైగా కాన్‌బెర్రాలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోపు చూస్తూ గడిపాను. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, గంగాలిన్‌లో మా ఇంటి దగ్గర స్టాంపుల క్లబ్బులో చేరాను. అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి. కంగారూల స్టాంపులు ఒకరివి, ఓడల స్టాంపులు ఒకరివి. నాకు మాత్రం యాభైల్లో ఇంగ్లండు నుంచి బయటి దేశాలకు వెళ్ళిన ఎయిర్‌లెటర్లు కావాలి. వేలంలో వచ్చినవన్నీ కొనేశాను. ఎవరి నాన్నో ఎవరి కూతురికో కెన్యాకు రాసినవి, సింగపూరుకు రాసినవి. మా అమ్మాయి వాటిని చూసి “మామ్, దిస్ ఈజ్ సో వియర్డ్, యూ డోంట్ ఈవెన్ నో దీజ్ పీపుల్” అనేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! నాకు ఆ పుల్లకూరే దొరికింది మరి.

మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు. కుర్రతనంలో ఇంగ్లండు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి, తరవాత ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాడు. జూన్‌లో జరిగే స్టాంపుల ప్రదర్శనకు నేను అమర్చుకున్న పేజీలు చూసి, అన్నీ చెదురుమదురుగా ఉన్నాయి, ఒకే కుటుంబం ఉత్తరాలు దొరికితే బంగారు పతకం ఖాయం అన్నాడు. దొరక్కపోవడమేం! సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్కు అనే పేటలో, మా అక్క కొడుకింట్లో, దిండు కింద ఉన్నాయి. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అని, జనవరిలో వెళ్ళి అడిగాను.

“పట్టుకుపో, కానీ జాగ్రత్తే! గమ్ములూ గిమ్ములూ పూసేవు,” అంది అక్క.

“అక్కా, గమ్ము ఎవరూ పూయరు. మూలలకి కార్నర్స్ ఉంటాయి, వాటిలో దోపుతాం, అంతే.”

“ఏమో, నాన్న నాకిచ్చిన ఆస్తి అదొక్కటే.”

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో స్థలం కూడా తనకే వచ్చింది. కానీ పని కావాలి కాబట్టి నోరు మూసుకుని ఉత్తరాలు తెచ్చుకున్నాను.

ఆ నలభై ఒకటిలో ఒక దానికి మా ఇంట్లో పేరుంది, దొంగ తేదీ ఉత్తరం అని. దాని కథ నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. అక్క ఏడో పుట్టినరోజుకు నాన్న దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. మిగతావన్నీ వారం పది రోజుల్లో వచ్చేవి. ఇది రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. తెరిచి చూస్తే పైన తేదీ మాత్రం పుట్టినరోజుకు ముందుది. లోపల ఎర్ర పట్టు రిబ్బన్ ఒకటి మడిచి పెట్టి ఉంది. మా నాయనమ్మ నవ్వి, “మర్చిపోయుంటాడే మీ నాన్న. ఇప్పుడు గుర్తొచ్చి పాత తేదీ వేసి, నిన్ను మాయ చెయ్యడానికి రిబ్బన్ పెట్టాడు,” అందట. అక్క ఆ రిబ్బన్ తీసుకెళ్ళి దూడ మెడకు కట్టింది. ఆ రోజు నుంచి నాన్నకు జవాబు రాయడం మానేసింది. ఆయన తిరిగొచ్చేదాకా, రెండేళ్ళు, ఒక్క ముక్క రాయలేదు. వచ్చాక తనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పెద్దయ్యాక మాత్రం పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నవ్వుతూ చెప్పేది: “హరిశ్చంద్రుడనుకుంటారు గానీ, మా నాన్న జీవితంలో ఒక్క అబద్ధం ఆడాడు, అదీ నాతో.”

నిజం చెప్పొద్దూ, ఆ కథ నాకు చాలా ఇష్టం. పెట్టి పుట్టిన మా అక్కకు నాన్న విషయంలో ఉన్న ఒకే ఒక్క లోటు అది. ఆమె చెప్పినప్పుడల్లా అందరితో పాటు నవ్వేదాన్ని, అందరికంటే ఎక్కువగా.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆ ఉత్తరాన్ని దీపం కింద పెట్టాను. రాణిగారి బొమ్మ మీద పడ్డ పోస్టు ముద్ర బాగా వెలిసిపోయింది. భూతద్దం పెట్టి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, గంట సేపు కూర్చుంటే అంకెలు తేలాయి. నాన్న చేత్తో వేసిన తేదీ, ఇంగ్లండు పోస్టాఫీసు ముద్ర తేదీ, రెండూ ఒకటే. అక్క పుట్టినరోజుకు తొమ్మిది రోజుల ముందు. వెనక మడత కింద ఇంకో ముద్ర ఉంది, లేత ఊదా రంగులో, కనిపించీ కనిపించనట్టు. లోపల వస్తువు ఉన్నందున మామూలు టపాకు మార్చడమైనది అని దాని సారాంశం. ఆ పక్కన మా ఊరి పోస్టాఫీసు ముద్ర, రెండు నెలల తరవాతది.

నా కళ్ళను నేనే నమ్మలేక, మర్నాడు క్లబ్బులో పెద్దాయనకు చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎయిర్‌లెటర్లో కాగితం తప్ప ఏమీ పెట్టకూడదని దాని మీదే అచ్చు వేసి ఉండేదట. వేళ్ళతో తడిమి, వెలుగుకు పట్టి చూసి, లావుగా తగిలినదాన్ని విమానం సంచీ నుంచి తీసి ఓడ సంచీలో పడేసేవారట. తను కూడా అలా పడేశానన్నాడు. “దిస్ వన్ వెంట్ బై బోట్, లవ్. బెస్ట్ థింగ్ యూ హావ్ గాట్,” అన్నాడు.

అంటే నాన్న అబద్ధమాడలేదు. మర్చిపోలేదు. తొమ్మిది రోజుల ముందే పంపాడు. ఇంటికి వెళ్ళగానే అక్కకు ఫోన్ చెయ్యాలి కదా? చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదో ఆ రోజే నాకు తెలుసు. ప్లాట్‌ఫాం టికెట్ లేదని కూతురి ట్రంకుపెట్టె మోయడానికి కూడా గేటు దాటని మనిషి, ‘లోపల ఏమీ పెట్టరాదు’ అని అచ్చు వేసిన కాగితంలో రిబ్బన్ పెట్టాడు. దొరికిపోతానని భయపడకుండా, పల్చగా మడిచి, దొంగతనంగా. ఆయన నియమాలన్నీ నాకోసం, ఆయన తప్పు మాత్రం అక్క కోసం. ఇది కూడా తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాలా? ఆ నలభై ఒకటీ చాలవా ఆమెకు?

మేం రోజూ మాట్లాడుకుంటాం. ఆమె మోకాళ్ళ నొప్పి, గుడికి వెళ్ళొచ్చిన సంగతి, మనవరాలు యూనివర్సిటీలో ఏం చదువుతోందో, అన్నీ విన్నాను. “ఉత్తరాల పని ఎందాకా వచ్చిందే?” అని అడిగేది. “అవుతోందక్కా,” అనేదాన్ని. నాలుగు నెలలు అలాగే గడిపాను. అసూయ ఉన్నవాళ్ళకు ఓపిక కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

జూన్‌లో, ప్రదర్శనకు వారం ముందు, పేజీలు చూస్తానని అక్క కోచ్ బస్సెక్కి వచ్చింది. బయట చలి ఎముకలు కొరుకుతోంది. హీటర్ పెట్టి, టీ ఇచ్చి, భోజనాల బల్ల మీద పేజీలు వరసగా పరిచాను. ఒక్కో పేజీ కింద ఇంగ్లీషులో రెండు వాక్యాల వివరం. అక్క వాటి జోలికి పోకుండా నాన్న దస్తూరీనే చూస్తూ, ఎర్ర బస్సు దగ్గర నవ్వి, పిల్లి దగ్గర నవ్వి, ఆ పేజీ దగ్గరికొచ్చి ఆగింది. దానికి నేను పేజీ మొత్తం ఇచ్చాను.

“ఇదెందుకు పెట్టావే మధ్యలో? దొంగ తేదీ ఉత్తరం! నలుగురూ చూసి మన నాన్నని ఏమనుకుంటారు? చచ్చేదాకా ఆ ఊసే ఎత్తలేదు మహానుభావుడు,” అని కిలకిలా నవ్వింది.

ఎన్నో ఏళ్ళుగా నేనూ కలిసి నవ్విన నవ్వే అది. ఆ రోజు మాత్రం భరించలేకపోయాను. మంచితనం పొంగి చెప్పానని ఎవరూ అనుకోవద్దు. కోపంతో చెప్పాను.

“నాన్న అబద్ధం ఆడలేదక్కా! నువ్వే అరవై ఏళ్ళ పైనుంచి ఆయన్ని దొంగని చేసి నవ్వుతున్నావు. చూడు, ఇదిగో పోస్టాఫీసు స్టాంప్. నీ బర్త్‌డేకి తొమ్మిది రోజుల ముందే పోస్ట్ చేశాడు. నీ రిబ్బన్ వల్లే లేటయింది. లోపల వస్తువుంటే ఫ్లైట్‌లో పంపరు, షిప్‌లో పడేస్తారు. ఇక్కడ రాసుంది, చూడు!”

భూతద్దం ఆమె చేతిలో పెట్టాను. అక్క చాలా సేపు చూసింది. కనిపించిందో లేదో తెలీదు. తరవాత భూతద్దం కింద పెట్టి అడిగింది.

“నీకెప్పుడు తెలిసిందే?”

“ఫిబ్రవరిలో.”

“రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం కదే. చెప్పలేదేం?”

“నువ్వు సంతోషిస్తావని,” అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అసలు నా మాట విన్నట్టే లేదు. పక్కనున్న పేజీని దగ్గరికి లాక్కుంది. ఆ తరవాత పేజీని కూడా. నేను ముద్రల కోసమే చూసిన ఆ ఉత్తరాలను ఆమె ఇప్పుడు వేలుపెట్టి చదువుతోంది. ‘నీ ఉత్తరం రాలేదు తల్లీ. ఒంట్లో బాగాలేదా?’ దాని తరవాతది: ‘రిబ్బన్ నచ్చలేదా అమ్మా? ఇంకో రంగుది తెస్తాను.’ ఇంకోటి: ‘ఈ వారం కూడా పోస్టులో నాకేమీ లేదు. పిల్లి కూడా నీ ఉత్తరం వచ్చిందా అని అడుగుతోంది.’

“రెండేళ్ళు,” అంది అక్క. “రెండేళ్ళు అడుగుతూనే ఉన్నాడు. నేను చదివి మడిచి పెట్టేదాన్ని.”

అని బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. మా అక్క డెబ్భై ఆరేళ్ళ మనిషి. బావగారు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. నిమురుతూ కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, కుళ్ళుకున్నాను. నాన్న కోసం అలా ఏడవడానికి నా దగ్గర ఏముంది? నా ఉత్తరం కోసం ఆయన ఎప్పుడు ఎదురుచూశాడు? ఆయన మీద అలిగే చనువు కూడా నాకు లేదు.

కాసేపటికి తేరుకుని, చల్లారిన టీ తాగేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ పేజీ నుంచి ఉత్తరాన్ని మెల్లగా, మూలలు నలగకుండా, నేను జనవరిలో చెప్పిన కార్నర్స్‌లోంచి తీసింది.

“ఇది గోడ మీద పెట్టకే. నాకిచ్చెయ్యి.”

అదే లేకపోతే పతకం లేదు. అయినా “సరే,” అన్నాను.

“మిగతావన్నీ నువ్వే ఉంచుకో. ప్రదర్శన అయ్యాక కూడా నాకు తిరిగివ్వద్దు. నాకెందుకు, జవాబు రాయనిదాన్ని. చిన్నప్పటి నుంచీ వాటి చుట్టూనే తిరిగేదానివి, నాకు తెలీదనుకున్నావా?” అంటూ పేజీలన్నీ పోగుచేసి నా ఒళ్ళో పెట్టింది.

నలభై ఉత్తరాలు. బస్సు, మంచు, పిల్లి, అన్నీ. బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను కోరుకున్నవి, అడగకుండానే నావయ్యాయి. అక్కకు థాంక్స్ కూడా చెప్పలేదు. ఆమె కళ్ళజోడు సర్దుకుని ఆ ఒక్క కాగితాన్నీ చీర మీద పెట్టుకుని, అరచేత్తో మడతలు సాపు చేస్తూ ఉంటే, ఒళ్ళో ఉన్నవాటిని వదిలేసి నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.