నా నల్లచేనును ఎర్రనేల అన్న వియ్యంకుడు

మా వియ్యంకుడు చనిపోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఆ పొద్దున నేను చేనులో సీతాఫలాలు కోసే ఆడవాళ్ళకు గంపలు అందిస్తున్నాను. ముందు రోజే మా బిడ్డ, అల్లుడు బడంగ్‌పేట్‌లో ఆయన ఇంటికి వెళ్ళారు. అక్కడి నుంచి బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, మామయ్య పోయిండు. పండ్లు తోముకుంట తోముకుంటనే పడిపోయిండు" అన్నది. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు నాకు కోపం వచ్చింది. రెండు రోజుల కిందే ఆయన నన్నొక మాట అడిగారు. జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. ఇంకో రోజు తీరిగ్గా తిట్టుకుందామనుకుంటే మనిషే లేకుండా పోయారు.

నేను ఏడో తరగతి చదివినవాణ్ణి. రాయడం అలవాటు లేదు. కానీ ఇది రైతులు చదివే పత్రిక గనుక ఆయన గురించి మీకు చెప్పాలనిపించింది. ఇంకో సంగతి కూడా ఉంది, దాచిపెట్టి ఏం లాభం. ఆయన పోయిన బాధ ఎంత ఉందో నా గుండెలో సంతోషమూ అంత ఉంది. ఈ ఏడు నా బిడ్డ మా నేల మీద నిలబడింది. నిలబెట్టింది, నేను పదేళ్ళు పగబట్టిన మనిషి.

ఆయన గుంటూరు వైపు మనిషి. భూములు పరీక్షించే సర్కారు కొలువు చేసి రిటైరయ్యారు. గుంత తవ్వించడం, అందులోకి దిగడం, నేల ఏ రకమో రాయడం, ఇదీ ఆయన పని. మా చేను తుక్కుగూడ నుంచి కందుకూరు పోయే దారిలో లోపలికి ఉంటుంది. ఊరంతా దాన్ని నల్లచేను అంటారు. చుట్టూ అందరివీ ఎర్ర చేన్లు. మాదొక్కటే నల్లగా, కాటుక పెట్టినట్టు ఉంటుంది. ఆ నలుపును చూసే నాకు పిల్లనిచ్చానని మా మామ చెప్పేవాడు.

పిల్లను చూడడానికి వచ్చిన నాడు టిఫిన్లు అయ్యాక ఆయన, "చేను కూడా చూద్దామా బావగారూ" అన్నారు. నేను ఉబ్బిపోయి ముందు నడిచాను. అక్కడికి పోయాక కారు డిక్కీలో నుంచి గడ్డపార తీశారు, పార తీశారు. ఇస్త్రీ చొక్కా విప్పి గట్టు మీద మడతపెట్టి, చేను నడుమ తవ్వడం మొదలుపెట్టారు.

"పిల్లను చూడనొచ్చి బొంద తవ్వుతున్నడేంది ఈ మనిషి?" అన్నది నా భార్య, ఆయనకు వినబడేటట్టే.

"బొంద కాదమ్మా, గుంత. రొమ్ము లోతు చాలు" అన్నారు ఆయన తవ్వుతూనే.

ఊళ్ళోవాళ్ళు గట్టు మీద చేరారు. గుంత అయ్యాక ఎండ పడే వైపు గోడను కత్తితో చెక్కి, టేపు వేలాడదీసి, పొర మారిన ప్రతిచోటా గీత గీశారు. ఒక్కో పొర నుంచి బెడ్డ తీసి, చిన్న చిన్న రంగు బిళ్ళలున్న పుస్తకంలో పెట్టి పోల్చారు. పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి. తడి మట్టిని బొటనవేలితో నెడుతూ రిబ్బన్ లాగా సాగదీశారు. ఎంత పొడుగు సాగితే అంత బంక ఉన్నట్టట. తర్వాత యాసిడ్ చుక్క వేసి నురగ వస్తుందా అని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. చివరికి తలెత్తి అడిగారు.

"దీన్ని నల్లరేగడి అని మీకెవరు చెప్పారండీ?"

"ఎవలన్న చెప్పాల్నా? కండ్లకు కనవడ్తలేదా?"

"కనబడేది జానెడే. కింద చూడండి. ఎర్రది. నల్లరేగడి అయితే ఎండాకాలం పగుళ్ళిస్తుంది. మీ చేను ఇస్తుందా?"

"ఇస్తది. చెయ్యి పట్టేంత" అన్నాను నేను.

"ఎన్నడిచ్చింది? నాకు జర చూపియ్యరాదూ" అన్నది గట్టు మీద నుంచి నా భార్య.

ఊరంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. పుస్తకంలో 'పగుళ్ళు లేవు' అని రాసుకున్నారు. ఆ నవ్వకపోవడమే నాకు ఎక్కువ మండింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ నలుపు మా అయ్య తెచ్చింది. ఏటా ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున ఉన్న ఒండ్రుమట్టిని బండ్ల మీద తోలి చేనంతా పరిచేవాడు. ఆయన తర్వాత నేను తోలాను. రెండు తరాల నడుములు విరిగితే వచ్చిన జానెడు అది. కొన్నాళ్ళకు ఇది మేము పోసిందన్న సంగతి మేమే మరిచిపోయాము. చేను పుట్టుకే నలుపు అనుకున్నాము.

ఆ సంగతి నేను చెప్పగానే ఆయన ఇంకా గట్టిగా అన్నారు. "మోకాలెత్తు కంటే పలచగా పైన పోసింది ఎంత మంచిదైనా నేల పేరు మార్చదు బావగారూ. విడిగా రాస్తాం, అంతే. పేరు కిందున్నదానిదే."

"మా అయ్య మట్టి లెక్కల్నే లేదా?"

"లేదు."

ఆ ఒక్క ముక్క, లేదు, పదేళ్ళు నా చెవిలో ఉండిపోయింది. ఇద్దరు పిల్లలూ ఇష్టపడ్డారు కాబట్టి పెళ్ళి ఆగలేదు. పెళ్ళి బంతిలో ఎవరో మా చుట్టం, "మావోళ్ళకు నల్లచేను ఉన్నదండి" అంటే ఆయన విస్తరి ముందు నుంచే "ఎర్రనేల" అని దిద్దారు. గుంతలు తవ్వి బతికినోనికి చేను విలువ ఏం తెలుస్తుందని నేను గట్టిగానే అన్నాను. వియ్యపురాలు ఆ పూట పెరుగన్నం ముట్టకుండా లేచింది.

మూడేళ్ళకు బిడ్డ, అల్లుడు పట్నంలో కొలువులు వదిలి, కిరాయి ఇల్లు ఖాళీ చేసి చేనుకు వస్తామన్నారు. నా సంబరం అంతా ఇంతా కాదు. నల్లచేను, ఏది పెడితే అది అవుతుందని నేనే ధైర్యం చెప్పాను. బత్తాయి పెడదామన్నాను. మొక్కలు దిగిన నాడు వియ్యంకుడు స్కూటర్ మీద వచ్చి చేను నడుమ నిలబడ్డారు.

"నాటకండి. మూరన్నర కింద బంక పొర ఉంది. పైనున్న సన్న బంక వానలతో దిగి దిగి అక్కడ పేరుకుంది. భూతద్దంలో చూస్తే రాళ్ళ మీద నూనె పూసినట్టు మెరుస్తుంది. ఇలాంటి ఎర్రనేలల్ని మేం ఆల్ఫిసాల్ అంటాం. మీ చేనులో ఆ బంక మరీ పైకి ఉంది. వానాకాలం నీళ్ళు దాని మీద నిలుస్తాయి, బత్తాయి వేరు కుళ్ళుతుంది. దాని కింద గరుకు రాళ్ళ మొరం. సీతాఫలం పెట్టండి."

"సీతాఫలమా? గుట్టల పొంటి ఊకెనే మొలిచేది, మేకలు సుత ముట్టనిది నా నల్లచేన్ల పెట్టాల్నా?"

ఆయన నోరు తెరిచారు గానీ నెత్తి మీద శంషాబాద్‌లో దిగే విమానం వస్తోంది. మా దగ్గర ఎంత కోపం వచ్చినా విమానం పోయేదాకా ఆగాల్సిందే. ఇద్దరం ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటూ నిలబడ్డాము. చప్పుడు తగ్గాక ఆయన, "నాలుగైదేళ్ళకు మీ అమ్మాయి ఏడుస్తుంది. అప్పుడు నన్ను పిలవకండి" అని స్కూటర్ ఎక్కారు.

నాలుగేళ్ళు కూడా పట్టలేదు. మూడో వానాకాలానికే ఆకులు పసుపుపచ్చగా మారాయి. కొమ్మల చివర్లు ఎండాయి. బిడ్డ ఒక చెట్టును పెకిలించి చూసింది. వేరు నల్లగా, మురిగిన వాసన. ఏడవలేదు. ఆ వేరు ఒళ్ళో పెట్టుకుని, "మామయ్యను పిలుస్త" అన్నది.

"పిలువకు బిడ్డా. పంతం కొద్ది అన్నడు, రాడు."

"మళ్ల పట్నం పోయి కొలువు దేవులాడుడా, గుంతల దిగుడా? నువ్వే చెప్పు బాపూ."

తనే పిలిచింది. ఆయన మరునాడే వచ్చారు. అప్పటికి మోకాళ్ళు పట్టేశాయి. ఒకవైపు కొడుకు, ఒకవైపు కోడలు పట్టుకుంటే గుంతలోకి దిగేవారు. చేనంతా మొత్తం పన్నెండు గుంతలు. నేను దగ్గరికి పోతే, "మీరు పైనే ఉండండి. మీకు నలుపు తప్ప ఇంకో రంగు కనబడదు" అన్నారు. నా చేనులో నాకు చోటు లేదు, చూడండి.

బిడ్డ మీద కూడా దయ లేదు. రంగుల పుస్తకం మీద దాని నీడ పడితే అరిచేవారు. "ఎర్రగున్నది మామయ్యా" అంటే, "ఏ ఎరుపు? కుంకుమా, ఇటుకా, తుప్పా? చీర కొనేటప్పుడు ఇలాగే కొంటావా?" అనేవారు. "మంచిగున్నది" అంటే మరీ కోపం. "నేలను పొగడకమ్మా. రాసుకో." ఈ మాట రోజుకు పదిసార్లు. ఇప్పుడు మా బిడ్డ కూలీలతో, కొనేవాళ్ళతో, ఆఖరికి నాతో కూడా ఇదే అంటోంది.

ఒకటి మాత్రం గట్టు మీద నుంచి చూశాను. గుంత తవ్వేటప్పుడు పైనున్న నల్లమట్టిని ముందుగా తీయించి ఒక గోనెపట్టా మీద విడిగా పోయించేవారు. ఎర్రది ఇంకో వైపు, మొరం ఇంకో వైపు. పూడ్చేటప్పుడు అదే వరుస. మొరం అడుగున, ఎర్రది నడుమ, నల్లది అన్నిటికన్నా పైన. ఒక గుంత దగ్గర అల్లుడు తొందరపడి రెండూ కలిపి పోశాడు. ఆయన చేతికర్ర ఎత్తారు.

"తియ్. మళ్ళీ తియ్. అది వాళ్ళ తాతగారు మోసిన మట్టి. అంగుళం కూడా కిందికి పోకూడదు."

మా అయ్య పేరు ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడూ అడగలేదు. నేను గట్టు దిగి ఇంటికి వచ్చేశాను. అయినా ఒప్పుకోలేదు, నా మొండితనం నాది.

పన్నెండు గుంతల్లో వాన నీళ్ళు పారే ఒర్రె వైపున్న రెండింట్లోనే బంక పొర లోతుగా ఉంది. అక్కడ బతికిన బత్తాయిలను ఉంచి, మిగతా చేనంతా సీతాఫలం పెట్టించారు. ఊరు నవ్వింది. "నల్లచేనోళ్ళు గుట్టపండ్లకు దిగిన్రు" అన్నాడు నా చిన్నాయన కొడుకు, ఒకసారి కాదు, కనబడ్డప్పుడల్లా. వియ్యంకుడు వచ్చినప్పుడల్లా "ఎర్రనేల ఎలా ఉంది బావగారూ" అనేవారు. "నల్లచేను మంచిగున్నది" అనేవాణ్ణి. మా పలకరింపే అది.

ఈ ఏడు కాయ విరగకాసింది. శంషాబాద్ నుంచి, తుక్కుగూడ నుంచి కొనేవాళ్ళు వచ్చి చెట్టు మీదనే కాయ చూసి బేరం చేసుకుని పోతున్నారు. బిడ్డ ముఖం చూస్తే నాకు పదేళ్ళు తగ్గినట్టుంది. చావు కబురుకు రెండు రోజుల ముందు ఆయన ఫోన్ చేశారు.

"కాయ కళ్ళు విచ్చుకుందా బావగారూ?"

"ఇచ్చుకున్నది. కొమ్మలు వంగుతున్నయి."

"ఏ నేలలో?"

నేను ఫోన్ పెట్టేశాను. చెప్పానుగా, అదే ఆఖరి మాట.

పెద్దకర్మ నాడు బడంగ్‌పేట్‌లో భోజనాల దగ్గర నా చిన్నాయన కొడుకు, "గుంతల సారు పోయిండు, ఇగ మీ నల్లచేనుకు అడ్డు లేదు" అని నవ్వాడు. నేను చెంబు కింద పెట్టాను.

"మాది ఎర్రనేల. పైన జానెడు మా అయ్యది. గుంతల సారని ఇంకోసారి అన్నవంటే ఈ గడపల నిన్ను నిలవనియ్య."

తలుపు పక్కన కూర్చున్న వియ్యపురాలు నా వైపు తిరిగింది. "ఆ మాట ఆయనుండగా అంటే మీ సొమ్మేం పోయేది అన్నయ్యగారూ?" అన్నది. ఆమె గొంతులో ఏడుపు లేదు. కోపమే ఉంది. న్యాయమైన కోపం.

నెల తిరగకముందే ఆమెను గడప దాటించవద్దని వాళ్ళ చుట్టాలు పట్టుబట్టారు. మా బిడ్డ వినలేదు. నిన్న కారులో చేనుకు తీసుకొచ్చింది. గట్టు మీద చెట్టు నీడన కూర్చోబెట్టి, మెత్తబడిన పండు ఒకటి విప్పి చేతిలో పెట్టింది. ఈ ఇరవై రోజుల్లో ఆమె ఎవరైనా బతిమిలాడితే తప్ప ఏదీ తినలేదట. నా వైపు చూడలేదు. పండు తింటూ, గింజలను ఒక్కొక్కటీ ఎడమ అరచేతిలోకి ఊస్తూ, వరుసలు ఎక్కడిదాకా ఉన్నాయో చూస్తూ కూర్చున్నది. అరచెయ్యి నిండింది. గింజలు ఎక్కడ వెయ్యాలో తోచక పిడికిలి మూసుకుని, కుడిచేత్తో గంపలో నుంచి తనే ఇంకో పండు తీసుకున్నది.